గడ్డపారకు లొంగని మూత

వనజాక్షికి ఒళ్ళు మండిపోయింది. ఎండాకాలమంతా తల బద్దలుకొట్టుకుని గీసిన డ్రాయింగు మీద పోలేరయ్య టీ గ్లాసు పెట్టాడు. పెట్టి మరీ వంకలు మొదలెట్టాడు.

"ఈ మూత మాకొద్దు మేడమ్. తీసేదానికి వీలుండాల."

వీధి పెద్ద ఆయన. షామియానా కింద కూర్చున్న జనమంతా తలలూపారు.

వనజాక్షి డ్రైనేజీ పనుల ఇంజినీరు. గట్టి వాన పడితే నడుములోతు మునిగే ఈ పల్లపు వీధి చివర ఒక డ్రాప్ షాఫ్ట్ కట్టించాలి. అంటే పెద్ద బావి. వీధిలో చేరిన వాన నీరు దాని గోడ వెంట గిర్రున తిరుగుతూ దిగి, అడుగునున్న సొరంగంలో పడి సముద్రం దారి పట్టాలి. ఆరంతస్తుల మేడ పట్టేంత లోతు. అందుకే దాని నోటికి ఇనప ఊచలు వేసి, ఎవరూ తీయలేకుండా బిగించెయ్యాలని రాసింది.

"ఊచల్లో కవర్లు ఇరుక్కుంటే నీళ్ళు నిలబడవా? వానొస్తే గడ్డపార తెచ్చుకోని మేమే ఎత్తుకుంటాం. ఎప్పుడూ చేసేదే గదా!" అన్నాడు పోలేరయ్య.

అదే ఈ వీధి రోగం. నీళ్ళు గడప దాటితే చాలు, మ్యాన్‌హోల్ మూత పెకలించి పక్కన పారేస్తారు. నీళ్ళు పోతాయి, నిజమే. కానీ ఆ బురద నీళ్ళలో గుంత ఎక్కడుందో ఎవరికి కనపడుతుంది? నిరుడు ఇక్కడే ఒక ప్రాణం పోయింది. అయినా బుద్ధి రాలేదు!

"కవర్లు తీయడానికి మనుషుల్ని పెడతాం. మూత మాత్రం తెరుచుకోదు," తెగేసి చెప్పింది. దున్నపోతు మీద వాన కురిసినట్టే అయింది.

"మా ఇళ్ళు మునిగితే మీరొచ్చి తోడతారా?" ఒకరు అరిచారు.

"డ్రాయింగు మార్చకపోతే పనే జరగనీం!" ఇంకొకరు.

అప్పుడు లేచింది జమాల్‌బీ. వీధిలో అందరికన్నా పల్లంలో ఉన్న ఇల్లు ఆమెది. నీళ్ళు మొదట దూరేది ఆమె వంటింట్లోకే.

"మారిస్తే నేనొప్పుకోను. నా కొంప మునిగినా సరే, ఆ మూత లేవకూడదు!"

పోలేరయ్య నేల చూపులు చూశాడు.

"నీ బాధ తెలుసక్కా. షాహుల్ లేని ఇల్లు... ఏం జేస్తాం, ఆ పొద్దు జరిగింది ఎవురి తప్పూ కాదు," నసిగాడు.

"ఎవురి తప్పూ కాదా? వానలో అంత గట్టిగా అరిసిన నోళ్ళు, పోలీసోళ్ళ ముందర మూగబోయినాయే! నా బిడ్డ కోసం ఒక్కడన్నా నిజం చెప్పినాడా? థూ!"

వనజాక్షి టీ గ్లాసు తీసి పక్కన పెట్టింది. కన్నతల్లి ఎదురుగా కూర్చుని మళ్ళీ అదే మూత అడగడానికి వీళ్ళకు సిగ్గు లేదా? డ్రాయింగు చుట్టి చంకన పెట్టుకుంది.

"ఒక్క గీత కూడా మార్చను. బోల్టులు కూడా కాదు, వెల్డింగే చేయిస్తాను. ఏం చేసుకుంటారో చేసుకోండి!"

బయటికి వచ్చాక వనజాక్షి జమాల్‌బీ చెయ్యి పట్టుకుంది.

"మీ అబ్బాయి పోయిన చోట ఇంకెవరూ పోరమ్మా. పూచీ నాది."

జమాల్‌బీ ఆ చెయ్యి విదిలించుకుంది.

"నా బిడ్డ పోలేదు మేడమ్, జైల్లో ఉండాడు, 'ఎత్తరా షాహులూ, ఎత్తు' అని ఈ వీధంతా అరిస్తే ఆ మూత ఎత్తింది వాడే."