మళ్లీ ఆవిడే!

"కారు వెనక్కి తిప్పు," అన్నాడు పళ్ల డాక్టరు.

స్టీరింగు ముందున్న భార్య ఆ మాట చెవిన పడనట్టే గేరు మార్చింది. వెనక కట్టిన రెండు సైకిళ్లూ గతుకు వచ్చినప్పుడల్లా ఒకదాన్నొకటి రాసుకుని చప్పుడు చేస్తున్నాయి. పొద్దుగుంకేలోపు కొండ అవతలి ఊరు చేరాలి. రేపు తెల్లవారగానే అక్కణ్ణించి సముద్రం దాకా గుంపుగా సైకిల్ యాత్ర. నెల పైచిలుకు ప్రయాణం.

"నీతోనే మాట్లాడుతున్నాను. నా మోకాలి సంగతి నీకు తెలీదూ?"

"తెలీకేం. నిన్నటిదాకా లేని నొప్పి, ఇవాళ కారెక్కగానే వచ్చింది."

"నీకు నవ్వులాటగా ఉంది. పొద్దస్తమానం స్టూలు మీద కూర్చుని జనం నోళ్లలోకి తొంగిచూసేవాణ్ణి. కొండలెక్కమంటే ఎట్లా ఎక్కుతాను? నువ్వు వెళ్లు. నేను బస్సు పట్టుకుని ఇంటికి పోతాను."

"ఒక్కదాన్నే వెళ్లేదుంటే, చలిలో రోజూ మిమ్మల్ని దుప్పట్లోంచి లాగి ప్రాక్టీసు చేయించడం దేనికండీ?"

ఆవిడ కోప్పడలేదు. తిట్టినా బాగుండేదనిపించింది డాక్టరుకు. మొహం కిటికీవైపు తిప్పుకున్నాడు.

అప్పుడు కనిపించింది ఆ పెద్దావిడ.

రోడ్డు వారగా పాత సైకిలు తొక్కుకుంటూ పోతోంది. నెరిసిన ముడి, ఆకుపచ్చ స్వెట్టరు, హ్యాండిలుకు తగిలించిన బుట్టలో ఏదో మూట. అరవై ఎప్పుడో దాటి ఉంటాయి.

"ఇంత పొద్దున్నే ఎక్కడికో పాపం!" అంది భార్య.

"పక్క ఊరికి కూరగాయలు అమ్ముకోడానికి," అని తేల్చేశాడు డాక్టరు.

టిఫిను కోసం ఆగినచోట డాక్టరు కావాలనే నాన్చాడు. టీ మీద టీ తాగాడు. మోకాలు నొక్కుకున్నాడు. ఇంటికి వెళ్లే బస్సులు ఎప్పుడెప్పుడున్నాయో సర్వరును గుచ్చి గుచ్చి అడిగాడు. భార్య గ్లాసు అంచు తుడుస్తూ కూర్చుంది. ఇంతలో కిటికీ బయట ఆకుపచ్చగా ఏదో కదిలింది.

"మళ్లీ ఆవిడే!" అన్నాడు డాక్టరు.

"పక్క ఊరు దాటిపోయి చాలాసేపయింది కదండీ?"

"ఏ చుట్టాలింటికో పోతూ ఉంటుంది."

అన్నాడే గానీ ఆ మాట అతనికే మింగుడుపడలేదు. కారు ఆవిణ్ణి దాటుతున్నప్పుడు తల బయటికి పెట్టి మరీ చూశాడు. ఆయాసం లేదు. పైగా ఏదో కూనిరాగం తీస్తోంది.

"పళ్లు కూడా సొంతవే," అన్నాడు ఆశ్చర్యంగా.

"ఆగి అడుగుదామా?"

"వద్దులే. మనకెందుకు?"

మనకెందుకన్నవాడు కొండ మొదలయ్యేదాకా అద్దంలోంచి వెనక్కి చూస్తూనే ఉన్నాడు. ఆ బుట్టలో ఏముంది? ఇంట్లో ఎవరూ వద్దనలేదా? ఆ సీటు మీద అంతసేపు ఎట్లా కూర్చుంటోంది? ఇన్ని ప్రశ్నల మధ్య ఇంటి బస్సు ఊసే ఎత్తలేదు.

కొండ మలుపులో లారీ అడ్డంగా బోల్తా పడింది. వెనక బండ్లన్నీ బారుగా ఆగిపోయాయి. డ్రైవర్లు దిగి తలోమాటా అంటున్నారు. క్రేను వస్తోందన్నారు. అది ఎంతకీ రాలేదు. ఎండ నడినెత్తికొచ్చి, పక్కకు వాలింది. భార్య సీటు వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంది. డాక్టరు మాత్రం వెనక్కి చూస్తూ కూర్చున్నాడు.

ట్రింగ్ ట్రింగ్!

ఆగిన బండ్ల సందుల్లోంచి దారి చేసుకుంటూ వస్తోంది ఆకుపచ్చ స్వెట్టరు. డాక్టరు గభాలున తలుపు తీసి ఎత్తుమీద ఆవిడ పక్కనే పరుగెత్తాడు.

"ఎక్కడిదాకా అమ్మా?"

"కొండ అవతలికి బాబూ! సైకిల్ యాత్ర ఉందిగా!" తల తిప్పకుండానే అరిచి మలుపు తిరిగిపోయింది.

డాక్టరు రొప్పుతూ కారు దగ్గరికి వచ్చాడు. "యాత్రకేనట!" అన్నాడు.

"మోకాలు ఎట్లా ఉంది?" కళ్లు తెరవకుండానే అడిగింది భార్య.

అతను తన చేతులకేసి చూసుకున్నాడు. "నిజం చెప్పనా? మోకాలు కాదే. మధ్యలో చతికిలపడితే అందరి ముందూ నీకు తలవంపులవుతుందని భయం."

భార్య లేచి కూర్చుంది. "చతికిలపడితే పక్కన నేనూ కూర్చుంటాను. అంతేగా?"

క్రేను వచ్చి దారి తెరుచుకున్నాక, "కాస్త తొందరగా పోనీ. ఆవిడతో మాట్లాడాలి," అన్నాడు డాక్టరు.

వాళ్లు చేరేసరికి మైదానమంతా సైకిళ్లే. ఒకరు గొలుసుకు నూనె వేసుకుంటున్నారు, ఇంకొకరు గుడారం కట్టుకుంటున్నారు. పెద్దావిడ కుళాయి దగ్గర మొహం కడుక్కుంటోంది. డాక్టరు తన సైకిలు దింపుకుని, దాన్ని నడిపించుకుంటూ తిన్నగా ఆవిడ దగ్గరికే వెళ్లాడు.

"అమ్మా, పొద్దున ఇంటికి పారిపోదామనుకున్నాను. మిమ్మల్ని చూశాకే ధైర్యం వచ్చింది. ఈ వయసులో మీరు యాత్రకు బయల్దేరగా లేంది, నాకేం? రేపు మీ వెనకే తొక్కుతాను."

పెద్దావిడ మొహం తుడుచుకుంటూ పకపకా నవ్వింది.

"నా వెనకా? భలేవాడివి బాబూ! నెల రోజులు తొక్కే ఓపిక నాకెక్కడిది? రేపు పొద్దున్నే ఇంటికి పోతాను. నేను సాగనంపడానికి వచ్చానంతే. యాత్రకు వెళ్లేది మా అమ్మ!"