ఆమె వల్ల కాదు

పక్కన కూర్చున్న ఆడమనిషి చెయ్యి చాచి, పసిపిల్ల మెడ దగ్గర శాలువా వదులు చేసింది.

జుమాగుల్ ఆ చేతిని విసురుగా తోసేసింది.

"ముట్టుకోకు. అసలే దిష్టి తగిలిన పిల్ల."

"ఉన్ని గుచ్చుకుంటోందక్కా. లోపల మెత్తటి నూలుబట్ట వేస్తే ఇంతలా గోక్కోదు."

షేర్ టాక్సీ కనుమ ఎక్కుతోంది. రోడ్డు పక్కన మంచు ఇంకా కరగలేదు.

వెనక సీట్లో ఒక చివర కోడలు ఎల్నూరా. మధ్యలో మనవరాలు సైకాల్‌ని ఒళ్లో పెట్టుకుని, పెదవి మూల పుండుతో జుమాగుల్. రెండో చివర, నారిన్ ఊళ్లో ఎక్కిన ఈ కొత్త మనిషి. బూడిదరంగు తలగుడ్డ, ఒళ్లో మందుల సంచి.

సైకాల్‌కి పుట్టిన కొన్నాళ్లకే బుగ్గల మీద, మోచేతి మడతల్లో చర్మం ఎర్రబడి పొలుసులు లేచాయి. జుమాగుల్ సబ్బుతో రుద్ది కడిగింది. గొర్రె తోక కొవ్వు రాసింది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది.

మొన్నటి నుంచి పిల్ల ఒళ్లు కాలిపోతోంది. మొహమంతా నీటిపొక్కులు.

అందుకే ఉల్జాన్ అపా అనే పెద్దావిడ దగ్గరికి ఈ ప్రయాణం. ఆవిడ మంత్రం చదివి ఊదితే ఎలాంటి పొక్కయినా మాడిపోతుందని కనుమకి ఇవతలా అవతలా చెప్పుకుంటారు.

కొత్త మనిషి వంగి పిల్ల మొహంలోకి చూసింది.

"ఇది రోజూ ఉండే దురద కాదు. పొక్కులు కంటిరెప్ప దాకా వచ్చేశాయి. జ్వరం కూడా ఉంది. కిందికి దిగగానే ఆసుపత్రి వస్తుంది. ముందు అక్కడ చూపించు."

"మేం ఉల్జాన్ అపా దగ్గరికి వెళ్తున్నాం."

"ఆమె వల్ల కాదు."

జుమాగుల్‌కి ఒళ్లు మండింది.

"ఆవిడ కాలిగోటికి సరిపోతావా నువ్వు?"

కొత్త మనిషి తల దించుకుంది. "దీన్ని ఆమె ముట్టుకోకూడదక్కా. నా మాట విను."

"ఆవిడ మీద నీకెందుకంత కడుపుమంట? నీ బేరం ఏమైనా చెడగొట్టిందా?"

డ్రైవర్ అద్దంలోంచి చూశాడు.

"అక్కల్లారా, కొట్టుకోవాలంటే కనుమ దిగాక కొట్టుకోండి. ఇక్కడ బండి ఆగిందంటే మీ ఇద్దరి చేతా తోయిస్తాను."

ఎల్నూరా మెల్లిగా నోరు విప్పింది. "అత్తయ్యా, ఒక్కసారి డాక్టరుకి..."

"నువ్వూరుకో. నీ మొగుడితో సహా అందరినీ పెంచింది నేనే. ఏ డాక్టరొచ్చాడు అప్పుడు?"

ఆసుపత్రి ముందు కొత్త మనిషి దిగింది. తలుపు మాత్రం వెయ్యలేదు.

"దిగమ్మా," అంది ఎల్నూరాతో. "నేను తోడొస్తాను. అపా దగ్గరికి తర్వాత వెళ్దురుగాని."

ఎల్నూరా అత్త మొహం చూసింది.

జుమాగుల్ చెయ్యి చాచి తలుపు లాగేసుకుంది.

ఉల్జాన్ అపా ఇంటికి తాళం వేసి ఉంది.

"మనవరాలిని చూడ్డానికి టౌనుకెళ్లింది," అంది పాలు పితుకుతున్న పక్కింటావిడ. "రేపొస్తుందేమో. ఇంత దూరం వచ్చారు, మా ఇంట్లో ఉండండి. చాయ్ పెడతాను."

తెల్లారేసరికి సైకాల్ ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. పాలు తాగడం మానేసింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

ఈసారి ఎల్నూరా ఎవరినీ అడగలేదు. పిల్లని ఎత్తుకుని రోడ్డు మీదికి నడిచింది. వెనకాలే జుమాగుల్ పరుగెత్తింది.

దాటిపోయిన ఆ ఆసుపత్రిలోనే, గండం గడిచాక, డాక్టరు అత్తాకోడళ్లిద్దరినీ కూర్చోబెట్టాడు.

"ప్రాణానికి భయం లేదు. కానీ ఎడమ కంటి నల్లగుడ్డు మీద మచ్చ పడింది. ఆ కంటికి చూపు సరిగ్గా ఆనదు."

"ఏం జబ్బు బాబూ ఇది?"

"పాపకి ముందు నుంచీ ఉన్నది ఎగ్జిమా. అది అంటుకునేది కాదు. గాఢమైన సబ్బు మానేసి, స్నానం అవగానే తేమ ఆరకుండా పూత రాస్తూ, ఎర్రబడినప్పుడు మందు వాడుతుంటే అదుపులో ఉంటుంది. ఇప్పుడొచ్చింది వేరు. పెదవి మీద జ్వరప్పొక్కు ఉన్నవాళ్లు ఆ చిట్లిన చర్మాన్ని ముద్దు పెట్టుకున్నా చాలు, వైరస్ పాకిపోతుంది. అప్పుడు ఒక్క పూట కూడా ఆగకూడదు. ముందురోజే తెచ్చుంటే కన్ను దక్కేదేమో."

జుమాగుల్ పెదవి మూల పుండు అప్పటికి ఎండి చెక్కు కట్టింది. ఆమె దాన్ని తన తలగుడ్డ కొసతో మూసుకుంది.

ఎల్నూరా లేచి పిల్ల మంచం దగ్గరికి వెళ్లిపోయింది. ఒక్క మాట తిట్టినా బాగుండునని జుమాగుల్‌కి అనిపించింది.

ఆ సాయంత్రం ఆమె వార్డులన్నీ వెతికింది. చివరికి ఒక నర్సుని ఆపింది.

"మేం వచ్చే ముందురోజు ఇక్కడ ఒకావిడ దిగిందమ్మా. బూడిదరంగు తలగుడ్డ. చేతిలో మందుల సంచి. ఆవిడ కాళ్లు పట్టుకోవాలి నేను."

నర్సు ఆమెని పక్కకి తీసుకెళ్లింది.

"మీరొచ్చిన పొద్దుటే వెళ్లిపోయిందమ్మా, మనవరాలి శవాన్ని తీసుకుని. మీ పాపకొచ్చిందే ఆ పిల్లకీ వచ్చింది."

"ముందే తీసుకురాలేదా?"

"ఎలా తెస్తుంది? ఊరందరికీ ఊదే ఉల్జాన్ అపా ఆవిడే కదా, ఇంట్లోనే కూర్చుని తనే ఊదుకుంది."