నూటికి తొంభై రెండు

మిర్యాలగూడలో భానుప్రకాష్‌కు చిన్న కార్ఖానా ఉంది. బియ్యంలో నల్లగింజలు ఏరే మెషీన్లకు అక్కడ కెమెరా లెన్సులు చేస్తారు. డిజైన్ అక్కడే పనిచేసే సరళది.

తయారీలో వచ్చే చిన్న చిన్న తేడాలు కలిపి, కంప్యూటర్ వంద లెన్సులను ఊహించి చూసింది. నూటికి తొంభై రెండు పాసవుతాయంది. ఆ మాటే చెప్పి భానుప్రకాష్ హుజూర్‌నగర్ మిల్లు ఆర్డర్ తెచ్చాడు.

తీరా పది లెన్సులు చేస్తే మూడే పాసయ్యాయి. మిగతా ఏడింటిది మహా సమదృష్టి, వాటికి నల్లగింజా తెల్లగింజా ఒకటే.

“నీ కంప్యూటర్ అబద్ధాలకోరు సరళా. రేపు మిల్లోళ్లకు మొఖం ఎట్ల సూపియ్యాలె?”

సరళ కంప్యూటర్ ముందుకు జరిగింది. లెన్సును ఎక్కువగా చెడగొట్టే తేడాల జాబితా తెరిచింది. మొదట ఉన్నది, బిగించిన గొట్టంలో లెన్సు ఒరగడం. ఆ ఒక్క అంకెను కొంచెం కొంచెంగా పెంచుతూ లెక్క మళ్లీ మళ్లీ నడిపింది. నాలుగింతలు చేసేసరికి నూటికి ముప్పై అని వచ్చింది.

“అది అబద్ధం చెప్పలే సార్. లెన్సు ఎంత ఒరుగుతదని అడిగితే, మీరే వెంట్రుక మందంల పదో వంతు అన్నరు. గదే రాసిన. అది మీ మాట నమ్మింది.”

అనేశాక గానీ, ఎదురుగా ఉన్నది జీతమిచ్చే మనిషని ఆమెకు గుర్తు రాలేదు.

భానుప్రకాష్ స్క్రీన్ మీది ముప్పైని చూశాడు.

“సరే, ఈసారి అసలుది రాయి.”

“ఎంత సార్?”

“నాకేం ఎరుక? ఎన్నడన్న కొలిసినమా?”