చాట ముట్టని చెయ్యి

"పిల్ల బీడీలు చేస్తదా?"

ఎల్లారెడ్డి నుంచి కొడుక్కి పిల్లను చూడవచ్చిన చిన్నవ్వ, చాయ్ కప్పు నోటిదాకా తీసుకుపోయి, ఆపి మరీ అడిగింది.

"చెయ్యదు" అంది సాలవ్వ.

సంబంధం తెచ్చిన హన్మండ్లు చప్పున అందుకున్నాడు. "చెయ్యకేంది, చేస్తది గని, జర నిదానం" అని సర్దబోయాడు.

"అబద్ధమెందుకు హన్మండ్లన్నా? నేను చేసినయి కార్ఖానకు తీస్కపోయి ఇచ్చొస్తది, గంతే. బీడీల చాట మాత్రం దాన్ని ఒళ్ళె పెట్టుకోనియ్యలె. పదో తరగతి చదువుతున్నది నా బిడ్డ."

చిన్నవ్వ కప్పు కింద పెట్టింది. కామారెడ్డిలో ఆ వాడకు వచ్చేవాళ్ళు పిల్ల రంగూ రూపూ తర్వాత అడుగుతారు. ముందు చెయ్యి ఆడుతుందా లేదా, అదే కావాలి. అందులో తప్పుందని ఎవరూ అనుకోరు. ఆకలి పెట్టిన ఆచారం అది, ఎవరిని తిడతాం?

"నీ బిడ్డ బంగారమే ఒదినె" అంది చిన్నవ్వ. "మా ఇంట్ల ఇద్దరు కోడండ్లు పొద్దుగాల చాట పట్టుకుంటే దీపాలు పెట్టేదాంక లేవరు. మూడోది వచ్చి పుస్తకం పట్టుకోని కూసుంటే వాండ్లు ఊకుంటరా? ఇగ మేం పోతం."

హన్మండ్లు సాలవ్వను పొయ్యి దగ్గరికి పిలిచాడు. "చేస్తదని ఒక్క మాట అను. నెల రోజులల్ల నేర్చుకుంటది. నీదేం పోతది?"

"నాదంత పోతది అన్నా. ఒకడు మిద్దె కట్టి గెలిచిన అంటడు. ఒకడు దుబాయి పోయొచ్చి గెలిచిన అంటడు. నాకు గవేం అక్కెర లేదు. నా బిడ్డ వేళ్ళకు తంబాకు అంటకుంటే నేను గెలిచినట్టే అనుకున్న. గదొక్కటే పట్టుకోని బతికిన."

"బుక్కెడు బువ్వ దొరుకుడే కష్టమైతుంటే, గెలుసుడు గిలుసుడు ఏందే నీకు?"

సాలవ్వ లోపలి గుమ్మం వైపు తిరిగి పిలిచింది. "రాజమణీ, ఇటు రా. అత్తకు చెయ్యి చూపియ్యి."

రాజమణి గుమ్మంలోనే నిలబడింది. "ఎందుకవ్వా, పోతమంటున్నరు గద. పోనియ్యి."

"పోతే పోనీ. చూసి పోతరు."

సాలవ్వ బిడ్డను రెక్క పట్టి గుంజుకొచ్చి, ఆ చేతిని చిన్నవ్వ అరచేతిలో పెట్టింది. "చూడు ఒదినె. ఇవి బీడీ మూతి మలిచే వేళ్ళేనా? నువ్వే చెప్పు."

చిన్నవ్వ మర్యాదకు పట్టుకుంది. పట్టుకున్న చేతిని వెంటనే వదల్లేదు. పిల్ల బొటనవేలి కొసను తన వేలితో ఒకసారి నిమిరింది. చూపుడువేలిని నిమిరింది. తలెత్తి పిల్ల ముఖంలోకి చూసింది. రాజమణి ఒక్క క్షణం ఆమె కళ్ళలోకి చూసి, తల దించుకుంది.

"మంచి రోజు చూడు హన్మండ్లూ" అంది చిన్నవ్వ. "పిల్ల మాకు నచ్చింది."

సాలవ్వ గోడకు ఆనుకుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"చూస్తివా అన్నా? నెల రోజులల్ల నేర్చుకుంటదంటివి. నేర్వకున్నా చేసుకుంటున్నరు నా బిడ్డను. చదువుకు గంత ఇలువున్నది."

హన్మండ్లు ముందు నడిచాడు. చిన్నవ్వ చెప్పులు తొడుక్కుని రెండడుగులు వేసింది. పోలేకపోయింది. తనూ చాట మీద వంగి వంగి నడుము పోగొట్టుకున్న మనిషే. వెనక్కి తిరిగి రాజమణి తల మీద చెయ్యి పెట్టింది.

"బిడ్డా, నాతోని కాదు గని, మీ అవ్వకు నువ్వన్న చెప్పు" అని గిర్రున తిరిగి వెళ్ళిపోయింది.

"ఏందే చెప్పేది?" సాలవ్వ ముఖంలో నవ్వు ఇంకా పోలేదు. "పెండ్లికి ఒప్పుకున్నరు, ఇంకేం చెప్తవు?"

రాజమణి వాకిలి తలుపు దగ్గరికి వేసింది. తల్లి ముఖం చూడకుండా, తలుపుకే చెప్పుకుంటున్నట్టు చెప్పింది.

"నీ కండ్లు మసకైనకాన్నుంచి నువ్వు చేసిన బీడీలు కార్ఖానల తీసుకుంటలేరు అవ్వా. బడికని పోయి, అవన్ని విప్పి, మళ్ల నేనే చేసి ఇచ్చొస్తున్న."