బీడీలు చుట్టిన అమెరికా హీరోయిన్

“నీ నోరు మూస్తవా లేదా?” నగేష్ మంచం మీది నుంచి అరిచాడు.

గదిలో నవ్వులు టక్కున ఆగిపోయాయి.

శుక్రవారం, గల్ఫ్ కూలీలు ఉండే అల్ రయ్యాన్ క్యాంపులో సెలవు. టీవీలో తొంభై ఏళ్లనాటి అమెరికా హాస్య చిత్రం. ఆఫీసులో పనిచేసే తెలుగాయన రిచర్డ్ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు. గదిలో ఇంగ్లీషు ఎవరికీ రాదు. మేస్త్రీ బుచ్చన్న తనకొచ్చినట్టే టీవీ పక్కన నిలబడి మాటమాటకీ తెలుగు చెబుతుంటే అందరికీ పొట్టలు చెక్కలవుతున్నాయి.

“గప్పుడు అమెరికోళ్లకు గూడ పని లేకుండెనట తమ్మీ. గందుకే గిట్ల నవ్విచ్చే సినిమాలు తీసిండ్రట,” అన్నాడు బుచ్చన్న మెల్లగా. “నువ్వు గూడ సూడు.”

నగేష్‌కి పుండు మీద కారం చల్లినట్టయింది.

“పెండ్లాం సచ్చినోనికి సినిమా సూపిస్తవా? నీకేం ఎర్కనే?”

సుమలత పోయి నెలన్నర. కంపెనీ లీవు ఇవ్వలేదు. కడచూపు ఫోన్లోనే. ఆనాటి నుంచి మనిషి మొద్దుబారిపోయాడు. ఒక్కసారి ఏడిస్తే చాలనుకుంటాడు, ఆ ఏడుపే రాదు.

మర్నాడు క్యాంపు బాసుకి ఫిర్యాదు చేశాడు. బాసు గది మార్చే తలనొప్పి పెట్టుకోకుండా బుచ్చన్నను ఎక్కడో దూరాన ఉన్న దుఖాన్ సైటుకే పంపేశాడు.

“పైలం తమ్మీ,” అన్నాడు బుచ్చన్న వెళ్తూ.

నగేష్ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నెల తిరగకుండానే వీసా అయిపోయి, బుచ్చన్న అటునుంచి అటే ఊరికి వెళ్లిపోయాడని తెలిసింది. ఆ శుక్రవారం రిచర్డ్ వచ్చి, అదే సినిమా పెట్టి, తానే తెలుగు చెప్పాడు.

“ఇప్పుడు హీరోయిన్, మా నాన్నగారింటికి వెళ్లిపోతానంటుందండి.”

ఎవరూ నవ్వలేదు.

“గట్ల గాదు సార్,” అన్నాడొకడు. “‘వెయ్యి బీడీలు చుట్టిన నన్ను సూడవు, బీడీ దిక్కే సూస్తవు’ అంటది గదా?”

“అమెరికాలో బీడీలేంటండీ! ఆ మాట ఇందులో లేనేలేదు. బుచ్చన్నకి ఇంగ్లీషు వస్తే కదా!”

నగేష్ లేచి కూర్చున్నాడు.

“మరి గా మాటలు యాడికెల్లి తెచ్చిండు?”

బుచ్చన్న ఊరివాడైన అంజి తల వంచుకున్నాడు.

“గవి ఎల్లవ్వ మాటలు. గాయన పెండ్లాం. ఎవలకు చెప్పొద్దన్నడు.”

“గామె ఊర్లె ఉన్నదా?”

నగేష్ మంచం దిగి అడిగాడు.

“పోయి పదకొండేండ్లాయె అన్నా. గప్పుడు గాయనకు సుత లీవు ఇయ్యలే.”