సబ్బులు కదలాలి

"వీధి వీధంతా ఒకేసారి చేతులు కడుక్కుంటుందా అమ్మా?" అంటూ డైరెక్టరు కంప్యూటరు తెరను ఆమె వైపు తిప్పాడు.

పరిశోధకురాలు తెరకేసి చూసింది. కలరా వచ్చిపోయిన వీధిలో ఇంటికొకటి చొప్పున ఆమె పంచిన సబ్బుల లెక్క అది. ప్రతి సబ్బు మధ్యలోనూ గోరంత యంత్రం ఉంది. సబ్బు కదిలినప్పుడల్లా అది ఆఫీసుకి కబురు పంపుతుంది. మనిషిని అడిగితే "కడుక్కోకుండా ముద్ద ముడతామా" అంటాడు. సబ్బుకి ఆ మొహమాటం లేదు, ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. చదువుకున్నవాళ్ళ నమ్మకం అది.

"మొదట్లో ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడేమో పొద్దున్నించీ సాయంత్రందాకా ఊపిరి తీసుకోవు. ఒక్క మధ్యాహ్నం భోజనాల వేళ మాత్రం ఆగుతున్నాయి. తినేముందే కదా కడుక్కోవాల్సింది?"

"మిషన్లు పాడయ్యాయేమో సార్."

"అన్నీ కూడబలుక్కుని పాడవుతాయా? సాయంత్రానికల్లా సంగతేమిటో తేల్చు. లేకపోతే ఈ పరిశోధన ఆపేస్తారు, నిన్ను ఇంకో ఊరికి మార్చేస్తారు. నా చేతుల్లో ఏమీ ఉండదు తల్లీ."

ఊరు మారడం ఆ ఉద్యోగంలో మామూలే. కానీ ఈ వీధి వేరు. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు చెంచాతో తాగించి ఒక్కొక్కరినీ దక్కించుకున్న వీధి ఇది. వానలు మొదలయ్యేలోగా చేతులు కడుక్కోవడం అలవాటు కాకపోతే ఆ జబ్బు మళ్ళీ వస్తుందని ఆమె భయం. అప్పుడు తను ఇక్కడ లేకపోతే ఎలా?

వీధిలో మొదటి ఇంటి కుళాయి దగ్గర సబ్బు ఉంది, తనిచ్చింది మాత్రం కాదు. అరిగి రేకులా అయిపోయిన అంగడి సబ్బు. పక్కింట్లోనూ అంతే. ఆ తర్వాతి ఇంటి ఇల్లాలు మోచేతులదాకా నురగతో ఎదురొచ్చింది.

"మీ సబ్బా? నన్నడక్కండి, పెద్దమ్మనడగండి," అని నవ్వుకుంటూ లోపలికి జారుకుంది.

పెద్దమ్మ ఆ వీధికి పెద్దదిక్కు. గది మధ్యలో కుర్చీ వేసుకుని, మనవడి ఉయ్యాల తాడు పట్టుకుని ఊపుతోంది. పసివాడు లేస్తాడేమోనని పరిశోధకురాలు గొంతు తగ్గించింది.

"పెద్దమ్మా, నా సబ్బులేవి?"

"రావే తల్లీ. మొహం అలా పీక్కుపోయిందేం? ఏమన్నా తిన్నావా?"

"తిండి సంగతి తర్వాత. సబ్బులు పారేశారా ఏమిటి?"

"ఎంత మాట. నీళ్ళలో పెడితే నీ సబ్బు కరిగిపోదూ? లోపలి మిషను పాడైతే నీ జీతంలో కోత పెట్టరూ? అందుకని చేతులకి వేరే కొనుక్కున్నాం. నువ్వు చెప్పినట్టే ముద్ద ముట్టేముందు అందరం కడుక్కుంటున్నాం. నమ్మకపోతే వాసన చూడు."

ముక్కు దగ్గరికి వచ్చిన ముడతల చేతిని చూసి ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వీధంతా చేతులు కడుక్కుంటోంది. ఆ సంగతి చెప్పాల్సిన సబ్బులకి తప్ప అందరికీ తెలుసు.

"లోపల మిషను ఉందని మీకెవరు చెప్పారు?"

"ఇంకెవరు? సబ్బులు కదలకపోతే నన్ను ఇక్కణ్ణించి పంపించేస్తారు పెద్దమ్మా అని, ఈ గుమ్మంలోనే కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకోలేదూ?"

పరిశోధకురాలు నాలుక కరుచుకుంది. వీధివాళ్ళకి తెలియనివ్వకూడని రహస్యం అదొక్కటే.

"చేతులు కడుక్కోమని ప్రపంచానికంతా చెప్పే మనిషివి, నీ నోట్లో నువ్వుగింజ నానదే," అని పెద్దమ్మ ఆమె బుగ్గ పుణికింది. "నిన్ను పోనిస్తామా? సరేగానీ, కాసేపీ తాడు పట్టుకో. నాకు భుజం లాగేస్తోంది, రెండు ముద్దలు తినొస్తాను."

పెద్దమ్మ వంటింట్లోకి వెళ్ళింది. పరిశోధకురాలు తాడు అందుకుని మెల్లగా ఊపింది. ఆ పసి మొహం చూస్తేనన్నా మనసు కుదుటపడుతుందేమోనని వంగి, దుప్పటి అంచు పక్కకి తీసింది.

లోపల మెత్తటి పక్క మీద, వీధిలో తను పంచిన సబ్బులన్నీ వరసగా పడుకుని ఊగుతున్నాయి.