తప్పును మించిన శిక్షకు ఇంగ్లీషు మాట

ఫ్యాక్టరీ తనిఖీకి విదేశీ ఆడిటరు వచ్చేలోగా చేయాల్సిన పనులు మేనేజర్ హో గట్టిగా చదివాడు. పని త్వరగా సాగాలని ప్రెస్ మిషన్లకు ఊడదీసిన రక్షణ మూతలు మళ్ళీ బిగించాలి. వెనక తలుపుల తాళాలు తీయాలి. అందరూ ఉతికిన యూనిఫాం వేసుకోవాలి. తావో పింగ్ ఎవరి కంటా పడకూడదు.

"ఆడిటరు వచ్చిన ఫొటోలు చూసే బయటి కంపెనీలు మనకు ఆర్డర్లిచ్చేది. గుర్తుంచుకోండి" అన్నాడు.

పోయిన నెల మూత లేని మిషన్ తావో పింగ్ కుడిచేతిని నలిపేసింది. ఆమె కునికిపాట్లు పడింది, తప్పు ఆమెదేనని కంపెనీ తేల్చింది. ఆడిటరు వెళ్ళిన మర్నాడే ఆమె హాస్టల్ ఖాళీ చేయాలి. వైద్యం కూడా అంతటితో సరి.

పక్క మిషన్ చున్‌యాన్‌ది. హో చెప్పిన పనులకు ఆమె ఇంకొకటి కలుపుకుంది: ఇంగ్లీషు నేర్చుకోవాలి. దుబాసీ హోకి బావమరిది. చైనీస్‌లో ఏం చెప్పినా మార్చేస్తాడు.

ఫోన్లో ఒక పంతులమ్మ పాఠం దొరికింది. సమానంగా లేనివాటికి ఇంగ్లీషులో ఎన్ని మాటలో. బరువంతా ఒకవైపే ఉంటే లాప్‌సైడెడ్. తప్పు గోరంతై శిక్ష కొండంతైతే డిస్‌ప్రపోర్షనేట్. ఆ చప్పుళ్ళకు దగ్గరగా ఉన్న చైనా అక్షరాలు ఏరి చేతి తొడుగు లోపల రాసుకుంది.

"అక్కా, అది మాటా, గొంతులో ఇరుక్కున్న చేపముల్లా?" అంది తావో పింగ్, ఎడమచేత్తో గంజి తాగుతూ.

"నవ్వకే. నాకు నోరు తిరక్కపోతే ఎల్లుండి నీ మూట నేనే మొయ్యాలి."

ఆడిటరు వచ్చాడు. బంగారు రంగు జుట్టు. చేతులు పొట్టైన సూటు. ఏం చూపించినా చిరునవ్వుతో తలూపాడు. ఒక్క ప్రశ్నా వేయలేదు. ఇక వెళ్ళిపోతున్నాడని చున్‌యాన్ గ్రహించింది. మిషన్ ఆపి, పరుగున వెళ్ళి అడ్డంగా నిలబడింది. తొడుగు తిరగేసింది.

"పనిష్‌మెంట్... డిస్‌ప్రపోర్షనేట్. హ్యాండ్. ప్లీజ్, రిమెంబర్ తావో పింగ్."

హో లాగేస్తాడనుకుంది. అతను కదల్లేదు. ఆడిటరు ఆమె కళ్ళలోకి చూసి, మెల్లగా, చాలాసేపు తలూపాడు. వెంట తిరుగుతున్న కంపెనీ ఫొటోగ్రాఫరు ఆ ఫొటో కూడా తీశాడు.

అర్థమైంది. ఆయనకు అర్థమైంది. ఆ సంగతి తావో పింగ్‌తో చెప్పాలని చున్‌యాన్ హాస్టల్ వైపు పరిగెత్తింది. గేటు దగ్గర, కారెక్కబోతూ ఆడిటరు చక్కటి చైనీస్‌లో హోతో అంటున్నాడు:

"ఆవిడేదో అంది గానీ నాకు ఇంగ్లీషు ముక్క రాదు హో అన్నా, మళ్ళీ ఎప్పుడైనా ఇలా సూటేసుకుని ఫొటోకి నిలబడే తెల్లవాడు కావాలంటే మాత్రం నన్ను గుర్తుంచుకోండి."